రేకు బూటు

జూన్ 3, 2019

మామయ్యా,

నీ ఉత్తరం అందింది. ఎప్పట్లాగే పైన తారీఖు, పలకరింపు, అడుగున సంతకం ముందే పెట్టేసుకుని, ఆ తర్వాత మధ్యలో రాయడం మొదలుపెట్టావు. ఎప్పట్లాగే చోటు చాల్లేదు. చివరి నాలుగు వరుసలు చీమలు పాకినట్టున్నాయి. నీ మోకాలి నొప్పి తగ్గిందో పెరిగిందో భూతద్దం పెట్టుకుని చూసినా తెలియలేదు. లిఫ్టు మెకానిక్కులందరూ ఇలాగే రాస్తారా, నువ్వొక్కడివేనా? నీ చెవులు బాగుంటే ఫోన్లోనే దులిపేసేదాన్ని. బతికిపోయావు.

సరే, అసలు కబురు విను. నా పుస్తకం అచ్చు వెయ్యడానికి ఒప్పుకున్నారు! కాలేజీలో పదకొండేళ్ళుగా ప్రతి కొత్త బ్యాచికీ మొదటిరోజు చెప్పే పాఠమే పుస్తకమైంది. పేరు 'రేకు బూటు'. పేరు కింద చిన్నక్షరాల్లో 'అర్థం లేని లోకంలో బతకడం' అని ఉంటుంది.

మొదటి పేజీలో నువ్వే ఉన్నావు. నాన్న బట్టలు కుడుతూ కుడుతూ నల్లదారం అయిపోయిందని లేచి, పది నిమిషాల్లో వస్తానని వెళ్ళడం. చెప్పుల షాపు గోడకి వేలాడుతున్న మనిషంత రేకు బూటు ఊడి ఆయన మీద పడడం. "బూటు పడి పోయాడట" అని చెప్పుకుంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నవాళ్ళని నేను చూశాను మామయ్యా. నాకు పదిహేనేళ్ళు. ఒకాయన పూర్వజన్మ అన్నాడు. ఇంకొకావిడ దేవుడు పిలిచాడంది. నువ్వు మాత్రం నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, "మిరియం, నవ్వొస్తే నవ్వు, ఏడుపొస్తే ఏడువు, ఎవరి మాటా వినకు. దీనికి అర్థం లేదు. పైన బూటుంది, కింద మీ నాన్నున్నాడు. అంతే" అన్నావు.

ఆ ఒక్క మాట పట్టుకునే నేను ఇంతదాకా వచ్చాను. దీనికో అర్థం ఉందని నమ్మితే, నాన్న ఏం పాపం చేశాడా అని జన్మంతా వెతుక్కుంటూ కూచునేదాన్ని.

ఇప్పుడు నాకు కొలతలు కావాలి. బూటు ఎంతుండేది, ఏ రంగు, దేంతో బిగించారు? ఇలాంటివి నీకంటే ఎవరికి తెలుసు? నా సైకిలుకి ప్రతి నట్టూ బిగించి, నట్టు మీంచి కిందున్న ఇనుము మీదికి ఎర్ర రంగుతో గీత గీయడం నేర్పినవాడివి. గీత విరిగిందంటే నట్టు కదిలిందని అర్థం. గీత చివర చిన్న కొక్కెంలా తిప్పుతావు చూడు, నేను పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఇప్పటికీ అలాగే తిప్పుతాను.

అంకితం నీకే. వద్దన్నావో, ఊరుకోను.

నీ మిరియం


జూన్ 11, 2019

మిరియం,

పుస్తకం కబురు చదివి రెండు కప్పుల టీ తాగాను. నాకు డాక్టరు చెప్పింది ఒకటే.

సంతకం ముందే పెడతానని వెక్కిరిస్తావు గానీ, మొదట్లో చెయ్యి వణకదు. అందుకని ముఖ్యమైనవి ముందు కానిచ్చేస్తాను. మోకాలు తగ్గలేదు. ఈ బిల్డింగులో లిఫ్టు మూడో అంతస్తు దాటేటప్పుడు మూలుగుతోంది. కొత్త మెకానిక్కు వచ్చి అరగంట కంప్యూటర్లో చూశాడు. నాకు చెవులు పోయినా పాదాలకి తెలుస్తుంది, పట్టాలకి నూనె లేదు. చెప్తే, "పెద్దాయనా, కాస్త పక్కకి జరుగుతారా" అన్నాడు. జరిగాను. ఏం చేస్తాం.

బూటు కొలతలు గుర్తులేవు. ఇరవై రెండేళ్ళ కిందటి మాట. అయినా తత్త్వం పుస్తకానికి నట్ల గోలెందుకు పిల్లా? పేరు కూడా మార్చకూడదా? జనం మళ్ళీ నవ్వుతారు. అంకితం నాకొద్దు. అక్కకి ఇయ్యి. మీ అమ్మ నీకోసం ఎంత ఓర్చుకుందో నీకు తెలీదు. నాకు తెలుసు. ఇంక చోటు లేదు.

మామయ్య


జూన్ 19, 2019

మామయ్యా,

అమ్మకా! నువ్వేనా ఈ మాటంటున్నది? నాన్న పోయిన దగ్గర్నుంచి పోయినేడు తను కన్నుమూసేదాకా నీతో ఒక్క మాట మాట్లాడని మనిషి! నువ్వు గుమ్మంలోకి వస్తే చాలు, వెనక్కి తిరిగి కుట్టుమిషన్ తొక్కడం మొదలుపెట్టేది. నువ్వు వెళ్ళిపోయేదాకా ఆ చప్పుడు ఆగేది కాదు. గుడ్డ లేకుండా ఉత్త మిషన్ తొక్కడం కూడా నేను చూశాను.

ఆ మిషన్ అమ్మేద్దామని నువ్వన్నావని, అందుకే ఆవిడకి కోపమని నువ్వే నాకు చెప్పావు. మిషన్ కోసం సొంత తమ్ముణ్ణి వదులుకుంటారా ఎవరైనా? ఇరవయ్యేళ్ళప్పుడు మొహం మీదే అనేశాను. "నీకు మనసు లేదమ్మా. నాన్న పోయాక నాతో మనిషిలా మాట్లాడింది మామయ్యొక్కడే." ఆవిడ ఏమందో తెలుసా? "వాడు చెప్పాల్సింది వాణ్ణి చెప్పనీ." అంతే. నువ్వొచ్చి తప్పయిందని కాళ్ళ మీద పడాలని కాబోలు! ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు ఇంటి గడప తొక్కలేదు.

అయినా నువ్వు ఆవిడ్ని వెనకేసుకొస్తున్నావు. నీ మంచితనం నన్ను చంపేస్తుంది.

నీకు గుర్తులేకపోతే పోనీలే, శనివారం ఆ వీధికి నేనే వెళ్తున్నాను. ఆరోజు తర్వాత అటు అడుగుపెట్టలేదు. పుస్తకం రాసినదాన్ని, ఇంకా భయమేంటి?

నీ మిరియం


జూన్ 24, 2019

మిరియం,

వెళ్ళకు. అక్కడేం లేదు. ఆ బిల్డింగు పడగొట్టేశారు. బూటుని పాతసామాన్లవాళ్ళు పట్టుకుపోయారట. దుమ్ము తప్ప ఏం చూస్తావు? మోకాలు కాస్త కుదుటపడగానే నేనే వస్తాను. ఎదురుగా కూచుని అన్నీ చెప్తాను.

ఈసారి ఎంత చోటు మిగిలిందో చూశావా?

మామయ్య


జూలై 2, 2019

మామయ్యా,

నీ ఉత్తరం నేను వెళ్ళొచ్చాక అందింది.

బిల్డింగు నిక్షేపంలా ఉంది. చెప్పుల షాపు ఇప్పుడు పుస్తకాల షాపు. పెన్నులు, నోటుబుక్కులు, గోడకి అంటించే పటాలు. గల్లా దగ్గర కూచున్నావిడ చెప్పులాయన భార్య. నా నుదురు చూసి గుర్తుపట్టింది, అచ్చం నాన్న నుదురేనట. లోపలికి తీసుకెళ్ళి కూచోబెట్టి మంచినీళ్ళిచ్చింది. వెనక సామాన్ల గదిలో, తలుపు పక్కనే, బూటుంది. గోధుమరంగు, పసుపు లేసులు. నా భుజం దాకా వచ్చింది. అందులో చుట్టిన పాత క్యాలెండర్లు నిలబెట్టుకున్నారు. నాకు నవ్వొచ్చింది మామయ్యా. నువ్వు నవ్వమన్నావు కదా. పడీ పడీ నవ్వాను. ఆవిడ కంగారుపడింది.

తర్వాత ఎంతో మామూలుగా అడిగింది, "మీ మామయ్య బాగున్నారా అమ్మా? పాపం, దాన్ని బిగించిన పాపానికి ఆయన ఎంత నలిగిపోయారో" అని.

"ఎవరు బిగించారు?"

"అదేంటి, మీ మామయ్యే కదా! పక్క బిల్డింగులో లిఫ్టు చూడ్డానికొస్తూ ఉండేవారు. మా ఆయన అడిగితే కాదనలేకపోయారు. నీకు తెలీదా?"

తెలుసండీ అన్నాను. చూడు, నీ పరువు కోసం వెంటనే అబద్ధమాడాను.

బూటు వెనక ఇనప పట్టీ అలాగే ఉంది. మూడు మూలల్లో నట్లు లేవు. నాలుగో మూల పట్టీ చిరిగి వంకరపోయింది గానీ, అక్కడ ఇత్తడి నట్టు ఒకటి మిగిలింది. దాని మీద ఎర్ర గీత. నట్టు మీంచి పట్టీ మీదికి, ఎక్కడా విరగలేదు, తిన్నగా ఉంది. చివర చిన్న కొక్కెం. రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి చూశాను. తిరిగింది. సీసా మూతలా ఊడి చేతిలోకి వచ్చేసింది. దాన్నిప్పుడు బల్ల మీద పెట్టుకునే నీకు రాస్తున్నాను.

ఒక్కటి చెప్పు. ఆ గీత నాన్న పోకముందు గీసిందా? లేకపోతే ఆ తర్వాత వాళ్ళు మళ్ళీ తగిలించమంటే గీసిందా? తర్వాతే అని రాయి. నమ్ముతాను. నాకు నమ్మాలనే ఉంది.


జూలై 9, 2019

మిరియం,

ముందే.

నాలుగు నట్లూ చేత్తో ఎక్కించాను. అంత పెద్ద నట్లకి సరిపోయే పానా పక్క బిల్డింగులో, లిఫ్టు గదిలో ఉండిపోయింది. చేతిలో రంగు డబ్బా మూత తీసి ఉంది, ఎండకి రంగు గట్టిపడిపోతోంది. ఎలాగూ బిగిస్తాను కదా, గీతలు ఇప్పుడే గీసేద్దాం, బిగించాక మళ్ళీ ఓసారి దిద్దితే సరి అనుకున్నాను. గీశాను. పానా కోసం దిగాను. అక్కడ లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి, లోపల జనం తలుపులు బాదుతున్నారు. వాళ్ళని దించేసరికి గంటన్నర. తిరిగొచ్చి నిచ్చెన మీద చెయ్యేసి పైకి చూశాను. నాలుగు గీతలూ కనబడ్డాయి. గీతలున్నాయంటే బిగించేశానన్నమాట. నిచ్చెన తీసి మోసుకుపోయాను. ఇరవయ్యేళ్ళ అలవాటది, బిగించకుండా గీత గీసింది జన్మలో ఆ ఒక్కసారే. నా గీతని నేనే నమ్మాను.

నలభై రోజులకి మీ నాన్న.

ఇన్‌స్పెక్టరు మిగిలిన నట్టు మీద గీత చూసి, బిగువుగానే ఉంది, గాలికి పట్టీ చిరిగింది అని రాసుకున్నాడు. తిప్పి చూడలేదు. నేను అవుననలేదు, కాదనలేదు. అక్కకి మాత్రం వారం తిరక్కుండానే చెప్పేశాను. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "పిల్లకి నువ్వే చెప్పు. చెప్పేదాకా నాతో మాట్లాడకు" అంది.

కానీ మిరియం, నీకు చెప్పింది అబద్ధం కాదు. పానా అక్కడ ఉండిపోవడానికి అర్థమేముంది? లిఫ్టు అదే గంటలో ఆగడానికి? సరిగ్గా ఆరోజే మీ నాన్నకి నల్లదారం అయిపోవడానికి? నువ్వే చెప్పు, ఇన్ని పుస్తకాలు చదివావు. ఎంత ఆలోచించినా నాకు అర్థం దొరకలేదు. నేనూ ఆ మాట పట్టుకునే బతికాను.

మామయ్య


జూలై 16, 2019

మామయ్యా,

ఎంత బాగా రాశావు! నా పాఠం నాకే అప్పజెప్పావు.

అర్థం లేదన్నావు. నేను కారణం లేదనుకున్నాను. ఆ పెరట్లో నా మొహం చూస్తూనే నీకు తెలుసు, నేనేమనుకున్నానో. సరిదిద్దలేదు. అర్థం ఆకాశంలో వెతుక్కోవాల్సిన వస్తువు, దొరక్కపోవచ్చు. కారణం నిచ్చెన పక్కన నిలబడి ఉంది, నా భుజం మీద చెయ్యేసి ఓదారుస్తోంది. నీ తప్పు తప్పించుకోడానికి నువ్వు దొరకబుచ్చుకున్న మాటని నేను పదకొండేళ్ళు తత్త్వమని చెప్పాను. క్లాసు తర్వాత నా గదికొచ్చి ఏడ్చిన పిల్లలున్నారు. మా అన్నయ్య పోయాడు మేడమ్, మీ మాటతో బతికాను అన్నారు. వాళ్ళకేం చెప్పను?

మొన్న కొత్త బ్యాచి వచ్చింది. బోర్డు మీద 'బూటు' అని రాశాను. తుడిచేశాను. హాజరు వేసి పంపేశాను.

ఇది కూడా విను. నాన్నని నువ్వు చంపావని నేనెప్పుడూ అనను. నట్టు మర్చిపోయావు. చేతులతో పనిచేసేవాళ్ళెవరైనా ఏదో ఒకరోజు మర్చిపోతారు. ఆరోజే వచ్చి చెప్పి ఉంటే నీ మీద పడి ఏడ్చి, కొట్టి, మళ్ళీ నీ దగ్గరికే వచ్చేదాన్ని. నాకింకెవరున్నారు? కానీ కుట్టుమిషన్ కథ మర్చిపోయిన పని కాదు. అది కూచుని అల్లావు. నేను అమ్మ మీద చాడీలు రాసిన ప్రతిసారీ చదివావు. 'పోనీలే, దాని స్వభావమంతే' అని జవాబు రాశావు. ఆ ఉత్తరాలన్నీ నా దగ్గరున్నాయి, నిన్న తీసి చూశాను. తొమ్మిదిసార్లు రాశావు. నీకు మనసు లేదని నేనన్నప్పుడు కూడా ఆవిడ నిన్ను బయటపెట్టలేదు. తను చెడ్డదైపోయి నిన్ను నాకు మిగిల్చింది. నువ్వేమో ఆవిడ్ని నాకు కాకుండా చేశావు. ఇరవయ్యొక్కేళ్ళు, తెలిసి తెలిసి.

చివరి రోజుల్లో ఆస్పత్రిలో నన్నడిగింది, "వాడేమైనా రాశాడా?" అని. మోకాలి నొప్పట అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది.

పుస్తకం వెనక్కి తీసుకున్నాను. క్షమించమని మాత్రం రాయకు, చింపేస్తాను.


జూలై 25, 2019

మిరియం,

క్షమించమని రాయను.

అక్క అలా అడిగిందని తెలీదు. నాలుగు రోజులు అన్నం సహించలేదు. అది నీకు చెప్పుకోవడానికి కూడా నాకు హక్కు లేదు, అయినా చెప్తున్నాను.

ఇందులో ఒక పాత కాగితం పెట్టాను. అక్కకి చెప్పిన సాయంత్రమే నీకు రాద్దామని కూచున్నాను. తారీఖు వేశాను, నీ పేరు రాశాను, అడుగున సంతకం పెట్టాను. మధ్యది తర్వాత రాద్దామని సొరుగులో పెట్టాను. సొరుగు తీసినప్పుడల్లా కనిపించేది. సంతకం ఉంది కదా, రాసేసినట్టే అనిపించేది. మూసేసేవాణ్ణి.

ఇది మాత్రం నిజం పిల్లా.

మామయ్య


ఆగస్టు 3, 2019

మామయ్యా,

ఖాళీ కాగితం నాకెందుకు? దీంతోపాటు తిప్పి పంపుతున్నాను. రాయి.

నాకు కాదు. నాకిప్పుడు అన్నీ తెలుసు, తెలిసినదానికి రాయడం సులువే. ఆ తారీఖున పెరటి మెట్ల మీద కూచున్న పిల్లకి రాయి. దానికి పదిహేనేళ్ళు. అది నిన్ను నమ్ముతుంది. లోకానికి అర్థముందా లేదా అని దానికి చెప్పక్కర్లేదు. ఏం జరిగిందో చెప్పు చాలు.

రాశాక ఏమవుతుందని అడక్కు. నాకూ తెలీదు. నట్టు మాత్రం నా దగ్గరే ఉంటుంది.


సెప్టెంబరు 17, 1997

మిరియం,

మీ నాన్న మీద పడ్డ బూటుని గోడకి తగిలించింది నేనే. నట్లు చేత్తో తిప్పి, ఎర్ర గీతలు గీసి, పానా కోసం దిగాను. మళ్ళీ ఎక్కలేదు. కింద నుంచి గీతలు కనబడితే బిగించేశాననుకున్నాను. మనం నీ సైకిలుకి గీసినటువంటివే.

ఆ నలభై రోజుల్లో ఆ దారినే చాలాసార్లు నడిచాను. ఒకసారి మీ నాన్న కూడా ఉన్నాడు. ఆగి పైకి చూసి, "భలే బిగించావురా, పదికాలాలుంటుంది" అని వీపు తట్టాడు.

ఆయన ఏ పాపమూ చెయ్యలేదు. నల్లదారం కోసం వెళ్ళాడు. కొనుక్కుని తిరిగొస్తున్నాడు. రీలు ఆయన జేబులో ఉంటే నేను తీసి దాచాను. ఇందులో పెడుతున్నాను, అది నీది.

మొన్న పెరట్లో ఇది చెప్పాలనే నిన్ను పిలిచాను. నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు. చెప్తే వదిలేస్తావని భయమేసింది. అందుకని వేరే మాట చెప్పాను. ఆ మాట నిజమో కాదో నాకు తెలీదు. ఆ నిమిషంలో అది నాకు పనికొచ్చింది, అంతే.

నేను ఏ పని మీదొచ్చినా మీ అమ్మ మొహం తిప్పుకుంటుంది. అది నా వల్ల. మిషన్ గురించి నేనేమన్నా చెప్తే నమ్మకు.

చోటు అయిపోతోంది. ఇది చదివి నా చెయ్యి వదిలెయ్యాలనిపిస్తే వదిలెయ్యి. ఇంక లేచి అమ్మ దగ్గరికెళ్ళు. లోపల మిషన్ దగ్గర కూచుని ఉంటుంది. తన తప్పేమీ లేదు.

మామయ్య